పేర్లు లేని ఎగ్జిబిషన్

"ఆ బొమ్మ ఇక్కడ లేదు. ఎక్కడ తగలేశావో చెప్పవే బుజ్జీ, ఊరంతా తిప్పకుండా."

"మెల్లిగా అక్కా. జనం చూస్తున్నారు."

"చూడనీ. నా బాత్రూమునే గోడకెక్కించావు. ఇక నా అరుపులు వింటే కొత్తగా పోయే పరువేముంది?"

వానాకాలం ఎగ్జిబిషన్ అంటే ఆ ఊళ్లో ఒకచోట కుదురుగా పెట్టే వ్యవహారం కాదు. మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో కొన్ని బొమ్మలు, పాత కోర్టు వరండాలో కొన్ని, రేవు పక్క గోదాములో కొన్ని. అక్కాచెల్లెళ్లిద్దరూ ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో నిలబడ్డారు. ఇద్దరికీ ఒకటే గొడుగు, పోట్లాడుకోవాలన్నా దాని కిందే.

"అది నీ బాత్రూమేనని ఎవరు చెప్పారు నీకు?"

"ఎదురింటి టైలరమ్మ. కుట్టిన బట్టలివ్వడానికొచ్చి, 'మీ పచ్చ బకెట్టు, మీ వంకర కొళాయి, అచ్చం మీ ఇల్లే వదినగారూ, మీ చెల్లెలు భలే వేసింది' అంది. నవ్వుతూ అంది మహాతల్లి. నా గుండెల్లో రాయి పడింది."

"నేనే వేశానని ఆవిడకెలా తెలుసు? కింద పేరే ఉండదు."

"వానాకాలంలో పేర్లు పెట్టరు, ఆఖరి రోజున పెడతారు, అంతదాకా ఎవరు వేశారో చూసినవాళ్లే ఊహించుకోవాలి. ఈ ఆట నాకు నేర్పిందే నువ్వు. నా దగ్గరే ఆడతావా? మన రెండిళ్లలో కలిపి డ్రాయింగు టీచరు ఎవరే? నేనా?"

"బకెట్టు అందరిళ్లలోనూ ఉంటుంది."

"బోర్లించిన బకెట్టు మీద ఆడమనిషి కూర్చోవడం, ఎదురుగా కొళాయి ఊరికే పారుతుండటం, అదీ అందరిళ్లలో ఉంటుందా? మీ బావ చెయ్యి చేసుకున్న రోజు ఏడుపు బయటికి వినపడకుండా కొళాయి తిప్పుకుని కూర్చుంటానని నేనెవరికి చెప్పాను? అమ్మకి చెప్పానా? నీకు చెప్పాను. నా నెత్తిన చెయ్యి పెట్టించి, ఒట్టేయించుకుని మరీ చెప్పాను."

"ఎవరికీ చెప్పలేదక్కా."

"చెప్పలేదు తల్లీ, గీశావు. ఒట్టు నోటికే కదా, చేతికి కాదనుకున్నావేమో."

"పద, కోర్టు వరండా చూద్దాం. అక్కడ పడవల బొమ్మలున్నాయట. నీకిష్టం కదా."

"మునిగిపోనీ ఆ పడవలు. మాట మార్చకు."

"మార్చట్లేదు. దారిలో మాట్లాడుకుందాం అంటున్నాను."

"దారి. ఈ ఊరికి కాపురానికొచ్చి ఇన్నేళ్లయింది, కూరల మార్కెట్టు దాటి ఒక్క వీధి తెలిసేది కాదు నాకు. ఎండాకాలం ట్రాము షెడ్డు, చలికాలం పాత పోస్టాఫీసు మేడ, వానాకాలం ఈ రేవు. ఊరంటే ఇంత ఉందని నీ బొమ్మల వెంట తిరిగితేనే తెలిసింది. 'చెల్లెలితో బొమ్మలు చూడ్డానికే కదా, వెళ్లిరా' అని కాలానికోసారి ఆయన నోట వస్తుంది. దానికీ నువ్వే నిప్పెట్టావు కదే."

"బావకి తెలియదులే."

"సాయంత్రం వస్తున్నాడు. ఆఫీసువాళ్లందర్నీ వెంటేసుకుని. రాత్రి అన్నం దగ్గర చెప్పాడు, వాళ్ల పెద్దసారుకి బొమ్మల పిచ్చట. ఆ పచ్చ బకెట్టు కొన్నదే మీ బావ. చూశాక ఇంటికొచ్చి ఏం చేస్తాడో నీకు తెలుసు, నాకూ తెలుసు."

"తెలిసీ ఎందుకున్నావు మరి అక్కడ?"

"అదిగో, కడుపులో మాట కక్కావు. నన్ను బయటికి ఈడవడానికే వేశావన్నమాట."

"నేనలా అనలేదు."

"మరేమన్నావు?"

"ఏమీ అనలేదు. ఇన్నేళ్లుగా ఏమీ అనొద్దన్నావు, అనలేదు. నీకేనా అక్కా కోపం? నాకు లేదా? బావ ఎదురుపడ్డప్పుడల్లా 'బాగున్నారా బావా' అని పళ్లికిలించి, ఇంటికొచ్చి నన్ను నేనే తిట్టుకునేదాన్ని. నీ ఒట్టు నాకు గొంతులో ముల్లయింది."

"పిల్ల మొహం చూసి భరిస్తున్నానే. దానికేమీ తెలీదు. తెలియనివ్వలేదు. మొహం కడుక్కుని, జుట్టు సర్దుకుని బయటికొస్తే 'స్నానమైందా అమ్మా' అంటుంది. అంత జాగ్రత్తగా పెంచుకున్నాను దాన్ని. రేపు స్కూల్లో ఎవరో 'మీ అమ్మని గోడ మీద చూశాం' అంటే ఆ పసిది ఏమైపోవాలి? కన్నదానివైతే తెలిసేది నీకు."

"సరే."

"అనకూడని మాటే. అన్నాను. నువ్వే అనిపించావు."

"సరే అన్నాను కదక్కా. అటు కాదు, ఇటు తిరగాలి. గోదాములో ఉంది."

"ఆ ముక్క పొద్దుటే చెప్తే ఏం పోయేది?"

"చూపించాలో వద్దో నాకే తెలియలేదు."

గోదాము నిండా తడిసిన గోనెసంచుల వాసన. తలుపు పక్క గోడకే ఉంది బొమ్మ, చిన్నదే. అక్క దాని మీద చెయ్యి వేయబోయింది. వేసినవాళ్లయినా సరే ఆఖరి రోజు దాకా దింపకూడదని, అసలు ముట్టుకోనే కూడదని, కాపలా కూర్చున్నాయన అక్కణ్నుంచే గదిమి మళ్లీ పేపర్లో తల దూర్చాడు.

"ఇదేనా?"

"ఇదే."

"మొహం లేదే."

"లేదు."

"బకెట్టు, కిందికి బిగించిన ఆ కొళాయి, వాటితో కాళ్లే ఉన్నాయి. నావే. ఆ పక్కకి పోయిన చిటికెనవేలు నాదే. సిగ్గులేకుండా వేలుతో సహా వేశావు. పైనంతా ఏమిటీ నలుపు? సగానికి పైగా నలుపే."

"తలుపు."

"తలుపేంటి?"

"మూసిన తలుపు. దాని కింద సందులోంచి ఎంత కనిపిస్తుందో అంతే వేసింది."

"వేసింది ఏమిటే? నువ్వు ఎప్పుడు చూశావు? నేను లోపల కూర్చున్న రోజున నువ్వు మా ఇంట్లో ఎప్పుడున్నావు? నువ్వుంటే ఆయన గొంతు కూడా పెంచడు."

"లేనక్కా. ఒక్కసారి కూడా లేను."

"నేను పాదం మీద పాదం వేసుకుని కూర్చుంటానని నీకెవరు చెప్పారు? అది నేను నీకు చెప్పలేదు. నాకే తెలీదు."

"ఎవరూ చెప్పలేదు."

"బుజ్జీ."

"ఊఁ."

"నేల మీద బోర్లా పడుకుంటే తప్ప ఇలా కనిపించదు కదే."

"కనిపించదు. శనివారాలు బొమ్మలు నేర్చుకోమని నువ్వే కదా మా ఇంటికి పంపిస్తున్నావు నీ కూతుర్ని. మిగతా పిల్లలు ఏనుగులూ రైళ్లూ వేస్తుంటే ఇది కూర్చుని ఇదే వేసింది. చెరిపి మళ్లీ వేసింది. నేనొక్క గీత దిద్దలేదు."

"నువ్వెందుకు తెచ్చి పెట్టావు? అది చిన్నపిల్ల. దానికి బుద్ధి లేకపోతే నీకు లేదా?"

"నేను పెట్టనన్నాను. 'పేరుండదుగా పిన్నీ, పెట్టు' అంది. ఏడవలేదు, మారాం చెయ్యలేదు. అడిగిన ప్రతిసారీ ఒకటే మాట."

"ఏమని?"

"నాన్న చూడాలి అని. నాన్న ఒక్కడే ఉన్నప్పుడు కాదట, అందరిలో ఉన్నప్పుడు చూడాలట."

అక్క బొమ్మ మీంచి చూపు తిప్పి చెల్లెలి మొహంలోకి చూసింది.

"అక్కా, అలా చూడకు. ఆ కాపలా ఆయన కాళ్లు పట్టుకునైనా దింపించేస్తాను. సాయంత్రానికి ఈ గోడ ఖాళీగా ఉంటుంది. సరేనా?"

"దింపకు. స్కూలు వదిలే వేళకి నువ్వెళ్లి దాన్ని మీ ఇంటికి తీసుకుపో. మీ బావ వాళ్లందరితో వచ్చేదాకా నేను ఈ బొమ్మ పక్కన నిలబడతాను."