గూడ్సు బండిని గాల్లో నిలిపిన వరహాలరావు

అరకులో మైకుసెట్లు అద్దెకిచ్చే వరహాలరావు మాట్లాడటం మొదలెడితే ఆయనకి సెట్టూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. రెండువేల రెండులో, హైస్కూల్లో సైన్సు ప్రదర్శన జరిగిన సంతరోజున, స్కూలు గేటెదురుగా గంగ టీకొట్టు బల్లమీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చేతిలో రెండు పాత స్పీకరు అయస్కాంతాలు టకటకలాడిస్తున్నాడు. పక్కన కాఫీతోట సుక్రు ఉన్నాడు. బల్ల చివర స్వెట్టరేసుకున్న ఒకావిడ టీ ఊదుకుంటోంది. సంత చూడ్డానికొచ్చిన టూరిస్టు అనుకున్నాడు వరహాలరావు. కొత్త చెవి దొరికితే ఆయనకి ఆకలి కూడా వెయ్యదు.

మొదలు చిన్నగానే పెట్టాడు. కూతురు హారిక తొమ్మిదో తరగతి. పట్టాలకి తగలకుండా తేలుతూ పోయే రైలు బొమ్మని ప్రదర్శనకి పెట్టింది. గెలిస్తే హైదరాబాదు పోటీకి పంపిస్తారు. కొన్నాళ్లుగా ఆ పిల్లకి అదే ధ్యాస.

"నాదేటుంది సుక్రూ, పాత స్పీకర్లు ఇప్పీసి, ఆ అయస్కాంతాలు పట్టాకి కొన్ని, పెట్టెకి కొన్ని అతికించీసినాను. ఒకదాన్నొకటి తోసుకుంటాయి కదా, పెట్టె లేసిపోనాది. అంతే," అన్నాడు.

నిజానికి ఆ స్పీకర్లు విప్పుకోమని కూతురికి చెప్పడం ఒక్కటే ఆయన చేసిన పని.

సుక్రు ఆ మాత్రం నమ్మి, ఎంతెత్తు లేచిందని అడిగాడు. అడక్కుండా ఉండాల్సింది.

మొదట వేలెడు లేచిందట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చర్చి కూటాలకిచ్చే పెద్ద బాక్సుల అయస్కాంతాలు తగిలిస్తే మూరెడు లేచిందట. పెట్టెమీద పిల్లిని కూర్చోబెడితే పిల్లీ లేచిందట, ఇప్పటికీ దిగనంటోందట. పోయిన సంతకి ఆ పట్టా అరుగుమీద పెట్టాడో లేదో, అమ్మకానికి పరిచిన కొడవళ్లూ గొడ్డళ్లూ బారులు తీరి ఆయనింటికి నడిచొచ్చాయట. వెనకాలే గంగ గరిట.

"నా గరిట ఇత్తడిది కదా బాబూ," అంది గంగ.

ఇత్తడిదే గానీ, అన్నీ వెళ్తుంటే తనొక్కతీ ఉండిపోతే బాగోదని మొహమాటపడి వచ్చిందన్నాడు వరహాలరావు.

అక్కడితో ఆగితే ఆయన వరహాలరావు ఎందుకవుతాడు? కిరండూల్ గనుల వైపునుంచి ఇనపరాయి నింపుకున్న గూడ్సు వస్తోందట. సరిగ్గా ఆయన అరుగు ఎదురుకి రాగానే చక్రాల చప్పుడు ఆగిపోయిందట. బండి మొత్తం, ఇంజన్లతో సహా, పట్టాలొదిలేసి కాఫీతోటలో సిల్వర్ ఓక్ చెట్టంత ఎత్తున నిలబడిందట. డ్రైవరు కిటికీలోంచి దణ్ణం పెట్టాడట. గార్డు ఏ జెండా ఊపాలో తెలీక రెండూ ఊపాడట.

"అప్పుడేటి సేసినానో తెలుసేటి? పట్టా తిరగేసి, బేగి పొండ్రా అన్నాను. సొరంగాల మీంచి తేలుకుంటా వైజాగ్ ఎలిపోనాది. ఆ రైలు బొమ్మంతా ఈ సేత్తోనే సేసినాను. మా గుంట హారిక ముట్టుకోనైనా లేదు."

స్వెట్టరావిడ గ్లాసు కింద పెట్టింది. ఆ ఆఖరి మాట మళ్లీ చెప్పమంది. వరహాలరావు సంబరంగా చెప్పాడు.

"నా పేరు భారతి. ఇవాళ ప్రదర్శనకి జడ్జిని. పెద్దవాళ్లు చేసిపెట్టినవి పోటీలోంచి తీసెయ్యాలండి," అందావిడ.

పొద్దున బడికెళ్తూ హారిక, "నాన్నా, ఇయ్యాల ఎవరితోనూ ఏటీ సెప్పకు," అని గడ్డం పట్టుకుని బతిమాలింది. వరహాలరావుకి అది ఇప్పుడు గుర్తొచ్చింది.

"అమ్మా, అయ్యన్నీ కోతలండి. నేనేటీ సెయ్యలేదు," అన్నాడు.

ఆ మాట ఆయన నోట ఎవరూ ఏనాడూ వినలేదు. సుక్రు నిర్ఘాంతపోయాడు. గంగ చూస్తూ చూస్తూ పాలు పొంగిపోనిచ్చింది.

"ఏది కోత? ఇప్పటిదా, ఇందాకటిదా?" అంది భారతి. ఆయన చేతిలోని అయస్కాంతాలు చూపించి, ఒకదానిమీద ఇంకోటి తేల్చమంది.

తేలకపోతేనే కూతురు గట్టెక్కుతుంది. ఆ సంగతి వరహాలరావుకి తెలుసు. కానీ నలుగురి ముందు చేతకాలేదనిపించుకోవడం ఆయన చేతులకి అలవాటు లేదు. అవి నిజంగానే తేల్చాలని చూశాయి. తోసుకునే వైపులు ఎదురెదురు పెట్టి వదిలాడు. పైది పక్కకి జారి, పల్టీకొట్టి, టప్పున కిందిదాన్ని కరుచుకుని మధ్యలో ఆయన వేలు నొక్కేసింది. మళ్లీ వదిలాడు. మళ్లీ వేలే.

"అదేటి బాబూ, గూడ్సు నిలబడ్డాది, ఇది నిలబడదేటి?" అన్నాడు సుక్రు.

భారతి నవ్వలేదు. "పక్కకి జారకుండా అటూ ఇటూ గోడలుండాలి. మీ అమ్మాయి వెదురుబద్దలు చెక్కి కట్టుకుంది. వేళ్లనిండా గాట్లే. ఇందాకే చూసి, టీ తాగుదామని ఇటొచ్చాను. గూడ్సుని కూడా లేపారు గానీ, మీ కథలో ఆ గోడలు ఎక్కడా లేవు."

ఆవిడ లేచి కొంగు సర్దుకుంది.

"హారిక పోటీలోనే ఉంటుంది. ఆ రైలుకి మీ చెయ్యి తగల్లేదని చెప్పడానికి మీకన్నా గట్టి సాక్షి ఎక్కడా దొరకరు."

వరహాలరావు ఏదో అనబోయి, ఎందుకైనా మంచిదని, నలిగిన వేలు నోట్లో పెట్టుకున్నాడు.