తవుడికి అమ్మిన బిడ్డ

అనకాపల్లి, యుద్ధం రోజులు. హిదాయతుల్లా సాయిబు ధర్మానికి ఇచ్చిన ఇంట్లో, నెలలు నిండకుండా పుట్టిన పసికందులను సాకే గది ఒకటి. ఆ గది ముందు వసారాలో పొద్దున్నపూట ఇద్దరు: పిల్లల్ని చూసుకునే బషీరాబీ, చీడికాడ నుంచి వచ్చి వాళ్ళకు పాలిస్తున్న కాసులమ్మ.

"తవుడు తెచ్చేనా నేదా? ఇంకేటి కావాలి బీబమ్మా? కొలుసుకో. ఆ రోజు నువ్వు సోలెడిచ్చేవు, నేను తవ్వెడు తెచ్చేను."

"అక్కడ పెట్టు. అంత తొందరేటి కాసులమ్మా? కూకో. కాసిన్ని మజ్జిగ తాగు."

"మజ్జిగొద్దు, మాటలొద్దు. మా మావ బండి కట్టుకుని నిన్ననగా బయల్దేరేడు. ఎడ్ల కొమ్ములకి పసుపు రాసేడు. కొత్త తలపాగా సుట్టేడు, పెళ్ళికొడుకులాగ. నేను నవ్వితే మూతి ముడుసుకున్నాడు."

"సత్తియ్యని లోపలికి రమ్మను మరి. ఎండలో నిలబెట్టేవు."

"రాడు. బిడ్డ నా సేతిలోకి వచ్చేదాకా ఈ గుమ్మం తొక్కడంట. నలుగుర్ని గోతిలో పెట్టేడు, బయం పోద్దా? అందుకే గదా ఐదోణ్ణి పుట్టిన రోజే నీకు తవుడికి అమ్మీసేం. మనది కాదనుకుంటే బతుకుతాడని. మళ్ళీ కొనుక్కునేదాకా మొగం సూడకు, ఎలాగున్నాడని అడక్కు అని మా అత్త ఒట్టేయించింది."

"తెలుసమ్మా, తెలుసు. నా సేతుల్తోనే గదా తవుడు పోసేను."

"మరి మూడు నెల్లూ నేను మాట తప్పేనా? గవరపాలెంలో మా పిన్ని ఇంటి కాడుండి రోజూ వచ్చేను. ఏ బిడ్డని నా ఒళ్ళో పెట్టినా కొంగు కళ్ళకి కట్టుకునే పాలిచ్చేను. ముగ్గురు రొమ్ము తాగేరు. నాలుగోడికి పీల్చే బలం నేదన్నావు, ఆడికని రోజూ గిన్నెలోకి పిండిచ్చేను. ఈళ్ళలో నా బిడ్డెవుడో సెప్పొద్దన్నాను, నువ్వూ సెప్పలేదు. ఇప్పుడు సెప్పు."

"ఇసకమూటలు వెచ్చబెట్టాలే. ఆళ్ళ ఒళ్ళు సల్లబడిపోద్ది. తరవాత మాటాడుకుందాం."

"ఉండు, ఉండు. ఆ ఏడుపెవుర్ది?"

"ఏ ఏడుపు?"

"సన్నంగా. పిల్లికూన లాగ."

"నీకూ ఇనిపించిందా?"

"నాకూ అంటే ఏటి?"

"ఏటీ లేదు. ఎవులూ ఏడవట్లేదు. ముగ్గురూ పడుకున్నారు."

"ముగ్గురా?"

"నలుగురూ. నలుగురూ పడుకున్నారు."

"ముగ్గురన్నావు."

"నోరు జారిందే. రాత్రంతా నిద్ర లేదు నాకు."

"నీకు ఏ రోజు నిద్రుంది గనక! నా వోణ్ణి ఇచ్చీ, ఒక్క బరువైనా తగ్గుద్ది."

"మంచి రోజు సూసుకుని..."

"ఇయ్యేళే మంచి రోజు. పంతులు సూసి మరీ సెప్పేడు. ఏటి బీబమ్మా, ఇవ్వాలని నేదా? పెంచిన పేమ ఒదల్దంటావా?"

"సరే. ఉండు. తెత్తాను."

"కళ్ళు మూసుకోనా, తెరుసుకోనా?"

"నీ ఇష్టం తల్లీ. ఇదిగో. తల జాగర్త."

"ఓలమ్మో! ఈడా? ఇంత బొద్దుగానా? అరసేతిలో పట్టే పిల్లోణ్ణి గదా నీకిచ్చేను! మా మావ ముక్కు కాదు, నా ముక్కూ కాదు. ఏ ముక్కయితే ఏటిలే, ఊపిరుంటే సాలు. ఏరా, ఇన్నాళ్ళూ నువ్వు నన్ను సూసేవు, నేనే నిన్ను సూడలేదు."

"తీసుకెల్లిపో కాసులమ్మా. ఎనక్కి తిరక్కుండా ఎల్లిపో."

"ఆగు, నోటితో ఎతుక్కుంటన్నాడు. ఆకలేసిందేటో. రా నాయనా, రా... బీబమ్మా."

"ఏటి?"

"ఈడు తాగుతా తాగుతా ఆగి, ముక్కుతో ఈలేసినట్టు ఊపిరి తీత్తన్నాడు."

"పసోళ్ళందరూ అంతేనే."

"అందరూ కాదు. ముగ్గుర్లో ఈల ఒక్కడిదే. నేను పాలివ్వడానికి వచ్చిన మొదటి రోజే ఈ ఈల ఇన్నాను. కళ్ళు కట్టుకున్నాను గానీ సెవులు కట్టుకోలేదు. ఆ రోజుకి నా వోడు రొమ్ము పట్టలేడు. అమ్మిన రోజు నువ్వే నా కళ్ళ ముందర దూదొత్తితో సుక్కసుక్క పోసేవు. ఈడు నా బిడ్డ కాడు."

"నీ బిడ్డే. అల్లా మీద ఒట్టు..."

"ఒట్టెయ్యకు! పెద్దదానివి, ఒట్టెయ్యకు. ఈడెవుడు?"

"నాతవరం పిల్లోడు. తల్లి పురిట్లో పోయింది. ఎవులూ లేరు."

"మరి నా వోడేడి?"

"కూకో తల్లీ."

"కూకోను. నా వోడేడి?"

"లేడమ్మా."

"నేడంటే ఏటి? నాలుగోడున్నాడు గదా? దూదిలో ఉన్నాడు గదా? నాలుగోడు నా వోడేనేటో అని ఒక్కోపాలి అనిపించేది. అనుకోకూడదని తరిమీసేదాన్ని."

"నువ్వప్పజెప్పిన తొమ్మిదో రోజు పోయేడు. తెల్లారగట్ల. ఇసకమూట ఇంకా ఎచ్చగానే ఉంది. ఆడు సల్లబడిపోయేడు."

"తొమ్మిదో రోజా?"

"తొమ్మిదో రోజు."

"మరి నేను గిన్నె నింపిచ్చినప్పుడల్లా, నాలుగోడు తాగేడా అనడిగితే, సుక్క మిగల్చలేదన్నావు."

"అన్నాను. రోజూ అన్నాను."

"ఎందుకు బీబమ్మా? నేను నీకేటి పాపం సేసేను?"

"నువ్వేం సెయ్యలేదు. తెలిత్తే నీకు పాలు ఎండిపోతాయని బయమేసింది. ఇంటికెల్లిపోతావని బయమేసింది. పాలడబ్బాలన్నీ యుద్ధానికి పోతన్నాయంట, బజార్లో ఒక్కటి లేదు. సాయిబు విశాపట్నం మనిషిని పంపితే ఒట్టి సేతుల్తో వచ్చేడు. ఆవు పాలు పట్టి సూసేను. ఆ వారంలోనే ఇద్దరు కడుపుబ్బి పోయేరు. మిగిలిన ముగ్గురూ నీ రొమ్ము మీదే ఉన్నారు. రేపు సెప్తానులే అనుకున్నాను. ఆ రేపు రానే లేదు."

"దూడ సచ్చిపోతే, దాని తోలులో గడ్డి కూరి ముందర పెట్టి గేదిని పిండుతారు మా ఊళ్ళో. అలాగ పిండుకున్నావు నన్ను."

"పిండుకున్నాను."

"ఏడవవేటి? నా ముందర ఏడవవేటి?"

"ఏడిసే మొగం నాకెక్కడుంది?"

"ఎక్కడ పెట్టేరు?"

"పెరట్లో, గోడ పక్కన. నీళ్ళు మోసే మన పరదేశి తవ్వేడు. మట్టి మీద పాలు పొయ్యాలి, మీ ఆచారమని ఆడే సెప్పేడు. ఆ రోజు నువ్విచ్చిన గిన్నె నేనే పట్టుకెల్లేను. సగం పోసేసరికి లోపల ముగ్గురూ గుక్కపెట్టి ఏడిసేరు. మిగతా సగం తెచ్చి ఆళ్ళకి పట్టేసేను."

"నా వోడి పాలు."

"నీ వోడి పాలే. అప్పట్నుంచీ నాకు నాలుగో ఏడుపు ఇనిపిత్తానే ఉంది కాసులమ్మా. మూటలు వెచ్చబెడితే నాలుగు వెచ్చబెడతాను. మూడు పెట్టేసి, నాలుగోది సేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోతాను. ఇందాక నువ్వూ ఇన్నావు. నా ఒక్కదాని పిచ్చి అనుకున్నాను ఇన్నాళ్ళూ."

"పూర్తిగా పొయ్యకపోయేవా ఆడికి. ఒక్క గిన్నె. ఒక్క గిన్నె పూర్తిగా పొయ్యకపోయేవా?"

"తప్పే. కొట్టు నన్ను. కానీ ఈ నాతవరం వోణ్ణి తీసుకెల్లు. నీ పాలతో పెరిగేడు, నీ కొడుకంటే అబద్ధమేం కాదు. సత్తియ్య ఏనాడూ బిడ్డ మొగం సూడలేదు. మీ అత్తా సూడలేదు. తవుడు నేను పుచ్చుకున్నాను, బేరం అయిపోయింది. ఎల్లు."

"ఈణ్ణట్టుకుని నేనెల్లిపోతే ఆ మిగిలిన ఇద్దరూ?"

"ఆళ్ళ సంగతి నీకెందుకు?"

"ఎవులి బిడ్డలు ఆళ్ళు?"

"రాజయ్యపేట వోళ్ళు. ఆడపిల్లలు, కవలలు. తండ్రి సేపలకెల్లి రాలేదు, తల్లి జొరంతో పోయింది."

"ఆళ్ళకి పాలెవులిత్తారు?"

"అదడక్కమ్మా."

"అడుగుతాను. ఎవులిత్తారు?"

"ఎవులూ లేరు."

"ఎన్నాళ్ళుంటారు?"

"వారం. గట్టిగా పది రోజులు. తరవాత నాకు ఇంకో రెండు ఏడుపులు."

"ఈణ్ణి పట్టుకో. కొంగు సర్దుకోనీ."

"ఎల్లిపోతన్నావా?"

"నిన్ను నేను సమించను బీబమ్మా. ఇనపడిందా? సచ్చేదాకా సమించను."

"సరే తల్లీ."

"సరే తల్లీ అనకు! ముందు నా వోడి కాడికి తీసుకెల్లు. అక్కడ నువ్వు ఏడవకు, నేనొక్కదాన్నే ఏడుత్తాను. అయ్యాక ఆ పిల్లల్ని ఒకర్తి తరవాత ఒకర్తిని తే."

"కాసులమ్మా, బయట సత్తియ్య పిలుత్తన్నాడు."

"ఇన్నాను."

"ఏటి సెప్తావు? నన్ను సెప్పమంటే నేనొచ్చి సెప్తాను. ఆయన కాళ్ళు పట్టుకుని సెప్తాను."

"వద్దు. నలుగుర్నీ ఆయనే మోసుకెల్లేడు, గొయ్యి తవ్వేడు. నాలుగోడప్పుడు మూడ్రోజులు మాట రాలేదు ఆయనకి. ఐదో మాట నేను ఆయన సెవినెయ్యలేను."

"మరి?"

"తప్పుకో, గుమ్మంలోకి ఎల్లనీ. మావా! ఓ మావా! ఎడ్లని ఇప్పకు, బండి ఎనక్కి తిప్పీ. ఇంకా బలం పట్టలేదంట, ఇంకో నెల ఉంచమంటంది బీబమ్మ. దిగులెట్టుకోకు మావా, నవ్వడం నేర్సేడంట. మీ అమ్మకి సెప్పు, నవ్వుతన్నాడంట!"