రాకెట్ల కొలువు

1984. ఆళ్లగడ్డ బస్టాండు పక్కన టీ అంగడి. ఉద్యోగం ఇచ్చే ముందు చేసే ఎంక్వైరీకి హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి, ఆయన పక్కన బెంచీ మీద ఒక రైతు.

"అయితే పుల్లయ్య మీకు బాగా తెలుసన్నమాట."

"తెలుసా అని అడుగుతాండారా సార్? నా తమ్ముని కొడుకు. మా నాయన పేరే వానికి పెట్టుకున్నాం. ఇంతకూ యాడికి తీసుకుంటాండారు వాణ్ణి?"

"హైదరాబాదులో. సర్కారు ల్యాబు."

"రాకెట్లు చేసే చోటేనా? పేపర్లో చదివినాలే. సముద్రం ఒడ్డుకు తీస్కపోయి ఇడిసి చూస్తారంట."

"అవన్నీ నేను చెప్పకూడదు."

"చెప్పాకండి. నాకర్థమైంది. మా తమ్మునికి ఇంక నేల మీద కాలు నిలవదు."

"అబ్బాయి ఎట్లాంటివాడు?"

"చదువుతాడు. ఊరంతా అదే మాట. నా కొడుకు చదవలా, నంద్యాలలో ట్రాక్టర్ షెడ్డులో లేతు మిషన్ కాడ నల్లనూనె పూసుకుంటాండాడు. ఏ పెండ్లికి పోయినా, నీ తమ్ముని కొడుకు ఇంజనీరంట గదా, నీ కొడుకేం జేస్తాడు అని అడగనోడు లేడు. మింగలేక చస్తాండా."

"నేనడిగింది పుల్లయ్య సంగతి."

"ఆడికే వస్తాండా. పొగరు. పెద్దోళ్లంటే లెక్క లేదు."

"కేసులు? గొడవలు?"

"కేసులు లేవు. అయితే... రాసుకుంటాండారా?"

"రాసుకుంటున్నాను."

"రాసుకోండి. తాగే సావాసం ఉంది. పేకాట గూడా."

"మీరు చూశారా?"

"చూసినట్టే."

"చూశారా, లేదా?"

"చూసినా. చూసినానని రాసుకోండి."

"అక్కడి పని సంగతి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదు. దాచగలడా?"

"వాడా? ఒక టీ తాపితే కడుపులోదంతా కక్కుతాడు. అంతా వాళ్ల నాయన పోలిక. వాని చేత చేయిస్తే ఆ రాకెట్టు పైకి పోదు సార్, తిరిగొచ్చి మన నెత్తినే పడ్తాది."

"సరే. మీ పేరు చెప్పండి."

"నా పేరెందుకు సార్?"

"ఎవరు చెప్పారో రాయాలి."

"మా తమ్మునికి తెలియదు గదా?"

"తెలియదు."

"ఆదినారాయణ."

"ఏ ఆదినారాయణ?"

"ఏ ఆదినారాయణ ఏందీ? మా వంశంలో నేనొక్కణ్ణే. ఏంది సార్, రాసేది నిలిపేస్తిరి?"

"మీరు ఇంజనీరు అన్నప్పుడే అనుమానం వచ్చింది, అయినా చెప్పనిచ్చాను. నేను అడుగుతున్నది ఆదినారాయణ కొడుకు పుల్లయ్యను. నంద్యాల ట్రాక్టర్ షెడ్డులో చేస్తాడు."

"వాడు... వాడు నా కొడుకు."

"మీ తమ్ముని కొడుకు పేరూ పుల్లయ్యేనా?"

"మా నాయన పేరు సార్. ఇద్దరికీ పెట్టుకుంటిమి. వీణ్ణెందుకు తీసుకుంటారు? వీడు ఇంజనీరు గాదే."

"ఇంజనీర్లు బొమ్మ గీస్తారు. గీసినదాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా లోహంలో కోసేవాడు కూడా కావాలి గదా. పరీక్ష పెట్టారు. నెగ్గాడు."

"నాకు చెప్పలేదే."

"ఎవరికీ చెప్పొద్దన్నారు. చెప్పలేదు."

"కొట్టేయండి సార్. తాగుడు, పేకాట, అంతా కొట్టేయండి."

"అయితే మీ తమ్ముని కొడుకు తాగుతాడా?"

"లేదు."

"పేకాట?"

"లేదు సార్. వాడు బంగారం. ఓర్చుకోలేక అన్నా. వాడూ తాగడు, వీడూ తాగడు. నా మాట నమ్మండి."

"ఏ మాట నమ్మేది?"

"పోనీ మా తమ్ముణ్ణి అడ... వద్దు. వాణ్ణి అడగాకండి. నేను వాని కొడుకును ఇంత మాట అంటే, వాడు నా కొడుకును ఊరికే ఇడుస్తాడా."

"పొద్దున్నే అడిగాను."

"అయిపాయ. ఏం చెప్పినాడు?"

"మా అన్న కొడుకు కడుపులో మాట బయటికి రాదు సార్, అచ్చం మా అన్న పోలిక అన్నాడు."