అభ్యంతరం లేదని నాలుగు లైన్లు

గడ్డిలో మాగేసిన చిన్నరసం మామిడికాయలను పొద్దున్నే తిప్పి, మెత్తబడినవి బయటికి తియ్యడం వేసవంతా ఆ ఇంట్లో రోజూ ఉండే పని. వసారాలో సుభద్ర కాయలు తిప్పుతోంది. ఆమె కూతురు యోగిత పండినవి ఏరి బుట్టలో పెడుతోంది. సుభద్ర అత్తగారు పున్నమ్మ నులకమంచం మీద కూర్చుని ఇద్దరికీ పని చెబుతోంది.

“ముచ్చిక దగ్గర నొక్కకు అమ్మడూ, మచ్చ పడుద్ది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడు.”

“చూస్తున్నా నానమ్మా. అమ్మా, నేనడిగింది?”

“ఏం అడిగావు?”

“నిన్న అడిగా, మొన్న అడిగా. ఆ కాగితం.”

“రాస్తాలే. ఈ వరస అవనీ.”

“వరస అయితే డ్యూటీకి టైమైందంటావు.”

“అవుద్ది మరి. బుధవారం. పిల్లలకి టీకాలు.”

“నాక్కూడా బుధవారమే. ఎల్లుండి శుక్రవారం మా కాలేజీలో పరిశోధనలకి ఒప్పుకునే కమిటీ కూర్చుంటుంది. అది దాటితే మళ్ళీ రెండు నెలలకి గానీ కూర్చోరు. నా సెమిస్టర్ పోతుంది. ఆర్నెల్లు వెనక్కి.”

“ఏం కాగితమే అది? కాలేజీ వాళ్ళే ఇస్తారుగా ఏదైనా?”

“కాలేజీ ఇచ్చేది ఆఖర్న నానమ్మా. మా కమిటీ, ముందు జిల్లా ఆఫీసు పర్మిషన్ తెమ్మంది. జిల్లా ఆఫీసుకెళ్తే, ముందు మీ కమిటీ ఒప్పుకున్నట్టు చూపించమన్నారు.”

“మరి ఎవరు ముందు?”

“అదే అడిగా. సెక్షన్లో గుమస్తాగారు, ‘మంచి ప్రశ్నమ్మా, రాసి టపాలో వెయ్యండి’ అన్నారు.”

“వేశావా?”

“వేశా. నంబరిచ్చారు. మూడు వారాలు ఆగి నంబరు పట్టుకెళ్తే, నంబరు కరెక్టే, కాగితమే లేదన్నారు.”

“నంబరు మాత్రం ఉందన్నమాట.”

“ఉంది. మళ్ళీ వేశా. అప్పుడు, మీ మండలం ఆసుపత్రి డాక్టరుగారు అభ్యంతరం లేదంటే ఒక్క రోజులో ఇస్తామన్నారు. భార్గవ డాక్టరుగారి దగ్గరికెళ్తే, ‘ఇంటింటికీ తిరిగేది నేను కాదమ్మా, ఆ ఊరి ఏఎన్ఎం గారు ఇబ్బంది లేదని నాలుగు లైన్లు రాసిస్తే వెంటనే సంతకం పెడతా’ అన్నారు.”

“ఏఎన్ఎం అంటే, మందుల సంచీ వేసుకుని తిరిగే నర్సమ్మేగా?”

“ఆఁ. అదిగో, కాయలు తిప్పుతోంది.”

“మీ అమ్మేగా!”

“డాక్టరుగారికీ అదే చెప్పా. నవ్వారు. నవ్వి, అయినా కాగితం కావాలన్నారు. అమ్మా, వింటున్నావా?”

“వింటున్నా. వేరే ఊరు తీసుకోకూడదూ? అవతల మా లేయా నర్సుగా చేసే ఊరుంది. దానికి అభ్యంతరాలేం ఉండవు.”

“ఊళ్ళు నేను తీసుకోలేదు. మా సారు చీటీలేసి తీశారు. ఊరు మారిస్తే మళ్ళీ మొదట్నించీ.”

“పోనీ వేరే ఊరే తీసుకోవే అమ్మడూ. అమ్మ చెబుతోందిగా.”

“నానమ్మా, నువ్వు అమ్మ మాటకి సరేననడం నేను పుట్టాక ఇదే మొదలు.”

“నాకు వయసొచ్చింది.”

“అసలు నువ్వు చూసేదేంటే యోగీ? మళ్ళీ చెప్పు.”

“ఎన్నిసార్లమ్మా! నీ రిజిస్టర్లో నెలనెలా రాసిన బీపీ తీసుకుంటా. అదే ఇంటికి నేనెళ్ళి చూస్తా. రెండూ పక్కపక్కన పెడతా.”

“అంటే నాకు పరీక్ష పెడతావు.”

“నీకు కాదు. రిపోర్టులో పేర్లుండవు. అన్నీ కోడ్ నంబర్లే.”

“ఊరు మొత్తానికి ఒక్కటే నర్సు. దానికి కోడ్ ఏం పెడతావు? ఒకటా, రెండా?”

“అది మా సారుని అడగాలి.”

“అడిగిరా. అప్పుడు రాస్తా.”

“అమ్మా! నీ భయం మిషన్ గురించేగా?”

“ఏ మిషన్?”

“నిరుడు వానాకాలం నీ బీపీ మిషన్ పట్టీ చిరిగింది. మూడు నెలలు కొత్తది ఇవ్వలేదు. ఫోన్లో నువ్వే చెప్పావు. ఆ మూడు నెలలూ ఏం రాశావు?”

“ఖాళీ వదిలేస్తే యాప్ తీసుకోదు. ఎర్రగా వస్తుంది. మీటింగులో అందరి ముందూ నిలబెడతారు.”

“అంటే అంతకుముందు నెలది దించేశావు.”

“అందరూ దించారు.”

“దించుతారు. అది కూడా రాస్తానమ్మా. మిషన్ ఇవ్వలేదు, యాప్ ఖాళీ ఒప్పుకోదు అని. అందులో నీ తప్పేముంది? ఇదిగో కాగితం. నేను చెబుతా, నువ్వు రాయి. ‘గౌరవనీయులైన’...”

“ఎన్ని ఇళ్ళు?”

“ఆఁ?”

“చీటీల్లో ఎన్ని ఇళ్ళు పడ్డాయి?”

“నలభై.”

“ఎవరెవరివి?”

“అది చెప్పకూడదమ్మా. ముందే తెలిస్తే...”

“యోగీ.”

“మనది కూడా పడింది.”

“ఆ బుట్ట ఇటు జరుపు అమ్మడూ. పళ్ళకి ఎండ కొడుతోంది.”

“నీడలోనే ఉన్నాయి నానమ్మా.”

“మన ఇంట్లో ఎవరి పేర్లున్నాయి?”

“నానమ్మది. తాతయ్యది. పోయినవాళ్ళవి కూడా, పోయేదాకా రాసినవి తీసుకుంటాం. ఎందుకమ్మా?”

“మీ తాతయ్యకి ఏ నెలా నూట ముప్ఫై దాటలేదు.”

“మంచిదేగా.”

“చూస్తేగా దాటడానికి.”

“మిషన్ పాడైన నెలల్లోనా?”

“బాగున్న నెలల్లో కూడా. రెండేళ్ళు. ఒక్కసారి చూళ్ళేదు.”

“అదేంటమ్మా? ఇంట్లోనే ఉన్నారుగా!”

“ఇంట్లో ఉన్నారు కాబట్టే. మావయ్యగారి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఎరగను నేను. ఆయన వసారాలోకి వస్తుంటే లోపలికెళ్ళిపోయేదాన్ని. ఊళ్ళో ముసలాళ్ళందరి చేతులకీ పట్టీ చుట్టాను. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి ఎలా చుట్టేది?”

“నానమ్మకి చెప్పొచ్చుగా.”

“ఎవరికీ చెప్పలేదు. రాసెయ్యడం తేలిగ్గా ఉంది.”

“సుభద్రా, ఇప్పుడవన్నీ దేనికి?”

“ఉండండి అత్తయ్యా. కార్తీకంలో ఆయన తోటలో పడిపోతే నూజివీడు తీసుకెళ్ళాం కదే. అక్కడ డాక్టరు, బీపీ ఉందా అనడిగాడు. లేదండీ, నార్మలే, నెలనెలా చూస్తున్నాం అని చెప్పింది నేనే. అతను చూస్తే రెండొందల ఇరవై. నన్ను పైనించి కిందకి చూశాడు. నేను డ్యూటీ చీరలోనే ఉన్నా.”

“అమ్మా...”

“ఇలా తే కాగితం.”

“వద్దులే. తర్వాతి బ్యాచ్‌తో చేస్తా. ఆర్నెల్లేగా.”

“ఇందాకటిదాకా ప్రాణం తీశావు. ఇలా తే.”

సుభద్ర చేతులు కొంగుకు తుడుచుకుని రాసింది. రాసిన కాగితాన్ని మంచం మీద, పున్నమ్మ పక్కన పెట్టి, డ్యూటీ చీర కట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది.

“ఏం రాసిందే? నాకు అక్షరాలు ఆనవు, చదువు.”

“‘మా ఊళ్ళో కుమారి యోగిత చేసే పరిశోధనకు నాకు అభ్యంతరం లేదు. రిజిస్టర్లన్నీ చూపిస్తాను. మా మామగారు వెంకటకృష్ణారావు గారి బీపీ రెండేళ్ళపాటు చూడకుండా రాశాను. ఆ బాధ్యత నాది మాత్రమే. ఇట్లు, సుభద్ర, ఏఎన్ఎం.’ నానమ్మా, ఇది డాక్టరుగారికిస్తే అమ్మకి మెమో వస్తుంది. ఉద్యోగం పోయినా పోవచ్చు. ఆ రెండు లైన్లూ తీసేసి ఇంకోటి రాయిద్దాం, నువ్వు కూడా చెప్పు.”

“నాది మాత్రమే అని రాసిందా?”

“అవును.”

“మాత్రమే అని?”

“అదే రాసింది నానమ్మా.”

“నా పేరు లేదా అందులో?”

“నీ పేరెందుకుంటుంది?”

“సరిగ్గా చూడు.”

“చూశా. లేదు.”

“మొదటి నెలలోనే మీ అమ్మ నన్నడిగింది. అత్తయ్యా, మావయ్యగారికి మిషన్ పెట్టాలి, మీరు కాస్త చెప్పండి అని.”

“ఎవరికీ చెప్పలేదంది ఇప్పుడే!”

“అంది. నా ఎదురుగానే అంది. విన్నాగా.”

“మరి నువ్వు తాతయ్యకి చెప్పావా?”

“చెప్పలా. కోడలు మామగారి చెయ్యి పట్టుకోవడమేంటి, నలుగురూ వింటే నవ్విపోతారు అన్నా. పక్కింటి వీరభద్రరావుకి ఎంతుంటే అంత రాసెయ్, ఇద్దరిదీ ఒకటే ఈడు, ఒకటే తిండి అన్నా.”

“పక్కింటాయనదా?”

“అతనిదెప్పుడూ బాగానే ఉంటుందిగా.”

“ఒక్కసారే చెప్పావా?”

“నెలనెలా అడిగేది. నెలనెలా అదే చెప్పా.”

“సరే నానమ్మా. ఏడవకు. నీ పేరు లేకపోవడమే మంచిది. ఆ కాగితం ఎందుకు లాక్కున్నావు? ఇటివ్వు. నానమ్మా? ఎక్కడికి? మోకాళ్ళు నొప్పులన్నావుగా, ఆగు. చెప్పులు కుడిది ఎడమకి వేసుకున్నావు. నానమ్మా!”

“ఏంటే ఆ కేకలు? చీర కట్టుకోనివ్వవా?”

“అమ్మా, నానమ్మ రోడ్డు మీద నిలబడి ఆసుపత్రి వైపెళ్ళే ఆటో ఆపుతోంది!”

“ఎందుకంట?”

“ఏం చెప్పకుండా వెళ్ళిపోయింది. నువ్వు రాసిన కాగితం తీసుకెళ్ళింది. పెన్ను కూడా.”