ఆట కోసం పెంచిన వేగం

గింజల్ని డబ్బాల్లో నింపి, సీలు వేసి ఉడికించే ఫ్యాక్టరీ అది. డ్యూటీ మారడానికి ముందుగానే వచ్చిన బావ, గోడ గడియారం వంకా కంట్రోల్ రూమ్ స్క్రీన్ వంకా మార్చి మార్చి చూశాడు. కుర్చీలో బావమరిది కార్లు తోలుతున్నాడు.

“ఏంట్రా ఇది?”

“చిన్నప్పటి కార్ల రేసు బావా! సేల్‌లో కారుచవగ్గా వస్తే కొనేశా. ఇంత పాత ఆట నడవాలంటే, కొత్త కంప్యూటర్‌ని పాతదానిలా నడిపించే ఎమ్యులేటర్ కావాలి. ఇక్కడ ఎలాగూ ఉందిగా.”

“అది వంట ప్రోగ్రాం కోసం పెట్టింది, పాత కంప్యూటర్ చచ్చాక.”

“రెండూ నడుస్తున్నాయిగా. ఆట నత్తలా పోతుంటే సెట్టింగుల్లో కాస్త వేగం పెంచా, అంతే.”

“ఒరేయ్, ఆ సెట్టింగు రెండింటికీ ఒకటే! వంట ప్రోగ్రాం నిమిషాలు లెక్కపెట్టేదీ ఆ వేగంతోనే. స్క్రీన్ మీద గంటయింది. గోడ మీద చూడు, పావుగంటైనా కాలేదు.”

బావమరిది నవ్వు ఆగిపోయింది.

“అంటే గింజలు ఉడకలేదా?”

“ఉడకడం సంగతి వదిలెయ్. క్రిములు చావలేదు. సీలు వేసిన డబ్బాలో అవి పెరుగుతాయి. ఇవాళేనా ఆడింది?”

“సోమవారం నుంచి. డ్యూటీ దిగేముందు వేగం తగ్గించేసేవాణ్ణి. ఇవాళే మీరు ముందొచ్చారు.”

“లారీలు?”

“రోజూ వెళ్తూనే ఉన్నాయి.”

“ఇంటికేమైనా పట్టుకెళ్లావా?”

“అక్క అడిగితే మొన్న మీ ఇంట్లో ఓ డబ్బా ఇచ్చా. పొద్దున ఫోన్ చేసింది, మూత ఉబ్బిందట. నొక్కితే సర్దుకుందిలే, మధ్యాహ్నం వండేస్తానంది.”

బావ ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు. అవతల రింగవుతూనే ఉంది.