అప్పలకొండ గెలిపించిన దేశం

రైల్వేవాళ్ళ కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో చిన్నారావు టీకొట్టు ముందు రెండు బెంచీలుంటాయి. గోడవైపు బెంచీ అప్పలకొండది. ఎవరూ రాసివ్వలేదు గానీ, ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్‌గా రిటైరైన మర్నాటి నుంచి దానిమీద ఇంకెవరూ కూర్చోవడం లేదు. పాయింట్స్‌మన్ అంటే యార్డులో పట్టాలు కలిపి, ఏ బండి ఏ లైన్లోకి పోవాలో ఆ లైన్లోకి మళ్ళించే మనిషి. ముప్పైనాలుగేళ్ళు ఆయన చేసింది ఆ పనే.

ఆ ఆదివారం పొద్దున్న ఎదురు బెంచీమీద రిటైర్డు గార్డు విల్‌ఫ్రెడ్ పేపరు చూస్తూ, మనవాళ్ళు పెద్ద ఫుట్‌బాల్ పోటీకి ఈసారి కూడా అర్హత తెచ్చుకునేలా లేరన్నాడు. చిన్నారావు గ్లాసులు కడుగుతూ, అర్హతేమిటి, పేరిస్తే చేర్చుకోరా అని అడిగాడు. అప్పలకొండ టీగ్లాసు కింద పెట్టాడు.

“పేరిస్తే సాలదు సిన్నారావ్. దేశాలు రెండొందల పైన ఉన్నాయి, అందరూ ఒక్కపాలే దిగిపోతే గ్రౌండెక్కడ సాలుద్ది? అంచేత నలుగురేసి గ్రూపులు కడతారు. గ్రూపులో ఒకొక్కడూ మిగతా ముగ్గురితోటీ రెండేసిసార్లు ఆడాల, ఓపాలి ఈడి ఊళ్ళో, ఓపాలి ఆడి ఊళ్ళో. ఆరు మ్యాచిలు. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి, ఓడితే సున్నా. ఆ గ్రూపులో ఎవడికి ఎక్కువుంటే ఆడొక్కడే లోపలికెల్తాడు, మిగతా ముగ్గురూ పెట్టెలు సర్దుకోడమే. ఇదంతా నీకెలా తెలుసంటావేటి? ఒక దేశాన్ని నానే కదా ఎక్కించినాను.”

విల్‌ఫ్రెడ్ పేపరు మడిచాడు. ఏ దేశమని అడగలేదు. అడక్కపోయినా వస్తుందని అతనికి తెలుసు.

“పేరు సెప్పనని మాటిచ్చినాను, అడగొద్దు. సముద్రం మజ్జిలో సిన్న దీవి. ఆళ్ళ గ్రౌండు ఎంతుంటాదంటే, గట్టిగా తన్నితే బంతి ఎల్లి సేపల్లో పడతాది. అంచేత ఆళ్ళ సొంతూరి మ్యాచి కూడా భువనేశ్వర్‌లో పెట్టినారు. నా రిటైర్మెంటుకి ముందు ఏడు, వానాకాలం. హౌరా నుంచి ఎల్లే బండికి ఆళ్ళ కోసం ఓ బోగీ తగిలించినారు. మన స్టేషనవతల సిగ్నల్ పాడై బండి ఆగిపోనాది. నాను గొడుగేసుకుని పట్టాలెంట వొస్తన్నాను. ఆ బోగీలోంచి ఓ బంతి దొర్లి కిందపడినాది. నాకూ ఆ బోగీకీ మజ్జిలో ఓ గూడ్సు నిలబడి ఉంది, దాని కిందనుంచి దొర్లుకుంటా బంతి నా కాళ్ళకాడికొచ్చినాది. సుట్టూ తిరిగెళ్ళి ఇయ్యడానికి ఓపికెక్కడిది? గొడుగు ముయ్యకుండానే ఓ తన్ను తన్నినాను. గూడ్సు మీంచి ఎల్లి, కిటికీలోంచి దూరి, ఎవడి ఒళ్ళోంచి జారినాదో ఆడి ఒళ్ళోనే కూకుంది. అంతే. పెద్ద పనేం కాదు.”

స్పెషల్ బోగీ అంటే ఏసీ కదా, దాని కిటికీలు తెరుచుకోవు కదా అని విల్‌ఫ్రెడ్ అన్నాడు. అతను గార్డుగా చేసినవాడు.

“తలుపన్నాను. నువ్వు కిటికీ అని ఇన్నావు. ఆ తరవాత ఏటైందో తెలుసా? ఆళ్ళ మేనేజరు, తాటిచెట్టంత మనిషి, కంకర్రాళ్ళ మీద పడతా లేస్తా నా కాడికొచ్చి, నువ్వెవడివి అని ఇంగిలీషులో అడిగినాడు. నాను సెల్యూట్ కొట్టి, పాయింట్స్‌మన్ సార్ అన్నాను. ఆ మాటకి ఆయన కళ్ళంట నీళ్ళు కారిపోనాయి. ఎందుకంటే ఆళ్ళకి పాయింట్లే తక్కువ. అయిదు మ్యాచిలాడి తొమ్మిది పాయింట్లు. గ్రూపులో ఇసక దేశమోళ్ళకి పదకొండు. ఇంక ఒక్క మ్యాచే ఉంది. దేవుడు అడవిలాంటి యార్డులో పాయింట్ల మనిషిని సూపించినాడు అనుకుని నన్ను వాటేసుకున్నాడు. మా ఇన్స్‌పెక్టరు పక్కనే ఉన్నాడు. దేశాల మజ్జి యవ్వారం అని సెప్పి అక్కడికక్కడే నాకు నాల్రోజులు లీవు రాసిచ్చినాడు.”

బంతి గూడ్సు దాటడం దాకా విల్‌ఫ్రెడ్ ఏదోలా ఒప్పుకున్నాడు. అడిగిన రోజునే లీవిచ్చిన ఇన్స్‌పెక్టరు రైల్వేలో పుట్టలేదని మాత్రం ఖచ్చితంగా చెప్పాడు. అప్పలకొండ ఆ మాట వినిపించుకోలేదు.

అప్పుడే మీనాకుమారి వచ్చి సైకిలు గోడకి ఆనించింది. ఆమె అక్కడి స్కూల్లో టీచరు. ఆ వీధికి ఓటరు జాబితా పని కూడా ఆమెకే అప్పగించారు. జాబితాలో పేరుండాలంటే ఇంటింటికీ ఇచ్చిన కాగితాలు సంతకం పెట్టి తిరిగివ్వాలి, దానికి ఆ రోజే ఆఖరు. వీధిలో అందరివీ అందాయి, అప్పలకొండది తప్ప. మూడుసార్లు ఆయన ఇంటికెళ్ళింది. మూడుసార్లూ కథ జరిగింది గానీ సంతకం జరగలేదు. ఇవాళ తీసుకునే వెళ్తానంది. అప్పలకొండ కాగితం అందుకుని తొడమీద పెట్టుకుని, కూకోమ్మా, అయిపోనాదనుకో అన్నాడు. చిన్నారావు ఆమెకి టీ పోశాడు.

“భువనేశ్వర్ ఎళ్ళేదాకా బోగీ నేలమీద సుద్దముక్కతో యార్డు గీసి ఆళ్ళకి పాటం సెప్పినాను. ఎదర మనిషి నిలబడి ఉంటే మెయిన్ లైన్లో ఎందుకెల్తావు, లూప్ లైన్లోకి తప్పుకో, ఆడు దాటినాక మళ్ళీ మెయిన్ లైనెక్కు. ఇరవైమంది కుర్రాళ్ళు, కన్నార్పితే ఒట్టు. కటక్ దాటేసరికి ఆళ్ళకొచ్చిన ఆటంతా మర్చిపోయి నా ఆట నేర్సుకున్నారు. మర్నాడు సాయంత్రం మ్యాచి. మనం కొండల దేశంతో ఆడతన్నాం. అదే నిమిషానికి సముద్రానికి అవతల ఇసక దేశం మంచు దేశంతో ఆడతన్నాది. ఆఖరి మ్యాచిలు రెండూ ఒక్కపాలే మొదలెడతారు, ఎందుకంటే ఒకళ్ళ లెక్క సూసుకుని ఇంకొకళ్ళు నాటకమాడకుండా. మనం గెలిస్తే పన్నెండు. ఇసకోళ్ళు ఓడితే పదకొండు మీదే ఉండిపోతారు. సమానమైతే ఆళ్ళకీ పన్నెండు, గోల్స్ లెక్కలో ఆళ్ళే పైన. అంటే మనం గెలవడం సాలదు, ఆళ్ళు ఓడాల. రెండూ జరగాల.”

“మరి అక్కడి మ్యాచి మీ చేతుల్లో లేదు కదా,” అన్నాడు చిన్నారావు.

“ఆగు. తొంబై నిమిషాలు దగ్గిరికొచ్చినాయి. ఇక్కడా సున్నా సున్నా, అక్కడా సున్నా సున్నా. మేనేజరు నా కాళ్ళమీద పడినాడు. వొద్దు సార్, పెద్దోరు మీరు, అని లేవదీసి, పద్దెనిమిదో నంబరు సొక్కా ఏసుకుని దిగినాను. నా కాలికి సరిపడా బూట్లు లేవు, డ్యూటీలో ఏసుకునే గమ్‌బూట్లే. కొండల దేశం గోలు కాసే గోలీ తొమ్మిదడుగులుంటాడు. సేతులు సాపితే ఈ కంబం నుంచి ఆ కంబం దాకా ఆడే. ఆడి ముందు పదిమంది గోడకట్టి నిలబడినారు. నాను జేబులోంచి ఎర్రజెండా తీసి సూపించినాను. పదకొండుమందీ ఎక్కడోళ్ళక్కడ ఆగిపోనారు. ఎర్రజెండా సూస్తే ఏ దేశమోడైనా ఆగాల్సిందే కదా. అప్పుడు తన్నినాను.”

ఆయన ఊపిరి తీసుకున్నాడు. టీ చల్లారిపోయింది. వీధిలో కూరలబండివాడు కూడా బండి ఆపి వింటున్నాడు.

“బంతి గోలీ పక్కనుంచి ఎల్లి వల సింపేసినాది. గోలు. ఒకటి సున్నా. అందరూ గెంతుతున్నారు. నాను గెంతలేదు. ఎందుకంటే బంతి ఆగలేదని నాకొక్కడికే తెలుసు. ఆ తరవాత ఏటైందో తెలుసా? అది స్టేడియం దాటి, పూరీ దాటి, సముద్రమ్మీదకెళ్ళి, గాలి తోసుకుపోతా ఉంటే, సరిగ్గా రెండో మ్యాచి జరిగే గ్రౌండు మీద దిగినాది. ఆ టైముకి అక్కడి బంతి గేలరీలోకి పోయి ఉంది, దానికోసం ఎతుకుతున్నారు. పైనుంచొచ్చిన బంతి ఇసక దేశం గోలీ బుర్రకి తగిలి ఆళ్ళ గోల్లోనే పడినాది. రిఫరీ ఏం సేత్తాడు, ఈల ఊదీసినాడు. ఒక్క తన్నుకి రెండు దేశాల్లో రెండు గోల్స్. మూడు నిమిషాల తరవాత కబురొచ్చినాది. మన దీవోళ్ళు పన్నెండు, ఆళ్ళు పదకొండు. ఎక్కేసినారు.”

బంతి తడిగా ఉందా అని చిన్నారావు అడిగాడు. ఉప్పుగా కూడా ఉందట, ఆ గోలీ తరవాత ఉత్తరం రాశాడట. దీవిలో ఆ రోజుకి సెలవిచ్చారట. స్టాంపుమీద అప్పలకొండ బొమ్మ వేశారట, గొడుగుతో సహా.

మీనాకుమారి గ్లాసు పక్కన పెట్టింది.

“బాబాయ్, అది క్వాలిఫయింగ్ మ్యాచే కదా?”

“అదే కదమ్మా ఇందాకట్నుంచీ సెప్తన్నాను.”

“ఆళ్ళ దేశం జట్టులోనే ఆడినావు కదా?”

“పద్దెనిమిదో నంబరు.”

“ఒక దేశం తరఫున ఆడాలంటే ఆ దేశం పౌరుడై ఉండాల. పాస్‌పోర్టు చూడకుండా దిగనివ్వరు. మా స్కూలు పిల్లల్ని ఆటల పోటీకి పక్కనున్న మేదినీపూర్ తీసుకెళ్తేనే ఆధార్ చూస్తారు.”

అప్పలకొండ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “ఇచ్చినారు కదా. బోగీలోనే ఇచ్చీసినారు, నీలం అట్టది.”

“పరాయి దేశం పాస్‌పోర్టు పుచ్చుకున్న రోజునే మన దేశం పౌరసత్వం పోతుంది బాబాయ్. రెండూ ఉంచుకోడానికి లేదు. నీ చేతిలో కాగితం చూడు. నేను భారత పౌరుణ్ణి అని ఉంది. దానికింద నువ్వు సంతకం పెట్టాల, అబద్ధమైతే నేరం. కథ నిజమైతే ఈ కాగితం నేను తీసుకోలేను. ఏది ఉంచమంటావు?”

ఆమె వెటకారంగా అడగలేదు. క్లాసులో లెక్క తప్పిన పిల్లాణ్ణి అడిగినట్టు అడిగింది. కూరలబండివాడు కూడా కదల్లేదు.

అప్పలకొండ కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. వాళ్ళ నాన్న పలాస నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరినవాడు. అప్పలకొండ పుట్టింది ఈ సెటిల్‌మెంట్‌లోనే, ఓటుహక్కు వచ్చిన నాటి నుంచి ఓటు వేస్తున్నదీ ఈ వీధి చివరి స్కూల్లోనే. ప్రతి ఎన్నికకీ అందరికంటే ముందెళ్ళి వరసలో మొదట నిలబడతాడు. ఆ కాగితంలో పాత జాబితా నుంచి ఎత్తిరాసిన నాన్న పేరు ఉంది.

“ఫ్రెండ్లీ మ్యాచి అని రాసుకుంటే?” అన్నాడు చివరికి.

“ఫ్రెండ్లీకైనా పాస్‌పోర్టు కావాల.”

“అయితే ఆడలేదు. బెంచీమీద కూకున్నాను.”

ఆమె పెన్ను మూత తీసి పట్టుకుని ఎదురుచూసింది.

“పాస్‌పోర్టు ఇవ్వలేదు,” అన్నాడు. కొంచెం ఆగి, “భువనేశ్వర్ ఎల్లలేదు. బంతి అందిచ్చినాను. సేత్తోటే. సిగ్నల్ పడినాది, బండి ఎల్లిపోనాది.”

మీనాకుమారి పెన్ను ఇచ్చింది. ఆయన కాగితాన్ని బెంచీమీద పరిచి, అంగుళం అంగుళం జాగ్రత్తగా, పేరంతా విడివిడి అక్షరాలతో సంతకం పెట్టాడు. ఆమె సిరా ఆరేదాకా ఆగి, కాగితం ఫైల్లో పెట్టుకుని, వస్తాను బాబాయ్ అని చెప్పి సైకిలెక్కింది. విల్‌ఫ్రెడ్ మళ్ళీ పేపరు తెరిచాడు.

చిన్నారావుకి మాత్రం మనసులో ఏదో మిగిలిపోయింది. “మరి ఆ దీవోళ్ళు ఏమయినట్టు?” అని అడిగాడు.

అప్పలకొండ వీధి చివరికేసి చూస్తూ లెక్కేసుకున్నాడు.

“సున్నా సున్నాయే కదా,” అన్నాడు. “సమానం. తొమ్మిదికొకటి కలిపితే పది. ఇసకోళ్ళే ఎల్లినారు.” చల్లారిన టీ నోట్లో పోసుకుని గ్లాసు చిన్నారావుకి అందించాడు. “పాపం, బాగా ఆడినారు కుర్రాళ్ళు.”