ఎస్పోజితో వారి కోడలు

లీడ్స్‌లో ఒక వంటగది. ఆదివారం పొద్దున. ఇంటావిడ శేషమ్మ పొయ్యి దగ్గర, పై గదిలో అద్దెకుండే స్రవంతి లాప్‌టాప్ ముందు.

"మళ్ళీ చూడమ్మా స్రవంతీ. ఇటలీ ఎక్కడో కింద ఉండుంటుంది."

"కిందా చూశానాంటీ, పైనా చూశాను. లేదు."

"ఇంకో పేజీ ఉందేమో."

"ఉన్నదిదే. దక్షిణ భారతం అంటోంది. అందులోనూ కోస్తా ఆంధ్ర అంటోంది. అంతే. ఇటలీ సున్నా."

"సున్నా ఏంటి? మా ఆయన పేరు విన్సెంజో ఎస్పోజితో. వాళ్ళ నాన్న నేపుల్స్ దగ్గర్నుంచి ఇటుకల ఫ్యాక్టరీలో పనికని ఈ దేశం వచ్చాడు. ఆ మనిషి మాకరోనీ లేందే ముద్ద ముట్టడు. సున్నా ఎట్లా అవుతుంది?"

"నాకేం తెలుసాంటీ, కంపెనీవాళ్ళు పంపిన డీఎన్ఏ రిపోర్టు చదువుతున్నాను."

"నీది పెద్ద కంప్యూటరు ఉద్యోగం కదా. సరిచెయ్యి."

"నేను హాస్పిటల్లో సిస్టమ్స్ చూస్తాను. మనుషుల పుట్టుక సరిచెయ్యను."

"వెటకారాలొద్దు. పెసరట్టు అయింది, కంచం తీసుకో. అది కాదు. ఆ కంచం కాదు."

"ఏం, ఇది కూడా స్టీలే కదా?"

"పక్కది తీసుకో."

"ఇది అంకుల్‌దా?"

"కాదు."

"మరి ఎవరిది? ఏడాదిగా చూస్తున్నాను, రోజూ తోమి బోర్లిస్తారు. ఎవరూ తినరు."

"అలవాటు. తిను, చల్లారిపోద్ది. తింటూ ఆ కంపెనీకి ఫోన్ చెయ్యి. ఎవరి ట్యూబో మాకు అంటగట్టారని చెప్పు."

"ఇవాళ ఆదివారం, ఎవరూ ఎత్తరు. అసలు ఇంత హడావిడి దేనికాంటీ? అంకుల్ ఇటాలియన్ అని మీకు తెలుసు, నాకు తెలుసు, కేర్ హోమ్‌లో వంటమనిషికి కూడా తెలుసు."

"ఇటలీ అని నాకూ తెలుసు. ఇటలీలో ఎవరు అనేది కావాలి. రెండింటికి విజిటింగ్. పోగానే అడుగుతాడు. నర్సు పేరు మర్చిపోయాడు, నా పేరు ఒక్కోసారి మర్చిపోతాడు, ఇది మాత్రం మర్చిపోడు. చీటీ వచ్చిందా, మా వాళ్ళెవరో తెలిసిందా అని."

"వాళ్ళ ఇంటిపేరు ఉందిగా. దాన్ని పట్టుకుని వెతకొచ్చుగా?"

"ఆ ఇంటిపేరే కదా గొడవ. నీకు చెప్పలేదూ?"

"ముక్కలు ముక్కలుగా చెప్పారు."

"నేపుల్స్‌లో వెనకటికి ఒక గోడ ఉండేదంట. గోడలో గిరగిరా తిరిగే తొట్టి. పెంచుకోలేని తల్లి బిడ్డని అందులో పెట్టి తిప్పితే లోపలికి పోయేది. లోపలున్నవాళ్ళు తీసుకుని పెంచేవాళ్ళు. తల్లి మొహం వాళ్ళు చూడరు, వాళ్ళ మొహం తల్లి చూడదు. అట్లా వచ్చిన పిల్లలకి ఎస్పోజితో అని పేరు పెట్టేవాళ్ళు. బయట పెట్టిన బిడ్డ అని."

"అందరికీ అదే పేరా?"

"అందరికీనా అంటే, వేలమందికి. ఇప్పుడు ఆ ఊళ్ళో ఆ పేరున్నవాళ్ళు వీధికి పదిమంది. ఒకరికొకరు ఏమీ కారు. మనకి ఇంటిపేరు చెబితే ఊరు తెలుస్తుంది, చుట్టరికం తెలుస్తుంది. వీళ్ళకి ఆ పేరు దగ్గరే దారి ఆగిపోద్ది. అందుకే ఈ పరీక్ష. పేరు చెప్పనిది రక్తం చెబుతుందని లైబ్రరీ పుస్తకంలో చదివాను."

"సరే. మరి రక్తం కోస్తా ఆంధ్ర అంటోంది. అంకుల్ ముత్తాత మచిలీపట్నం నుంచి వెళ్ళాడంటారా?"

"నవ్వకు."

"నవ్వట్లేదు. ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. ఆ ట్యూబులో ఉమ్మిందెవరు?"

"ట్యూబు నిండింది కదా."

"ఎవరు నింపారు?"

"గీత దాకా నింపాలన్నారు, గీత దాకా నింపాం. మూత బిగించి పోస్టులో వేశాం. ఎంగిలి పోస్టులో పంపడమేంటో, ఆ పోస్టాఫీసు పిల్లకి కవరిస్తుంటే సిగ్గుతో చచ్చాను."

"ఆంటీ."

"ఇంకో అట్టు వెయ్యనా?"

"వద్దు. ఎవరు ఉమ్మారు?"

"ఆయనకి నోరు ఎండిపోతోందమ్మా. మందుల వల్ల. అరగంట ముందు నుంచి ఏమీ పెట్టకూడదన్నారు, నీళ్ళు కూడా ఇవ్వకూడదన్నారు. పాపం ఆ ట్యూబు పట్టుకుని కూర్చున్నాడు, కూర్చున్నాడు. రెండు చుక్కలు కూడా రాలేదు. సిగ్గుపడ్డాడు. అంత మనిషీ, ఉమ్మడం కూడా చేతకావట్లేదా నాకు అన్నాడు."

"అయితే?"

"అయితే ఏముంది. ఇంటికి తెచ్చి కడిగి నేను పోశాను."

"మీరు పోశారా."

"అట్లా చూస్తావేంటి? పెళ్ళయ్యాక ఆడదానికి ఇంటిపేరు మారుతుందా లేదా? గోత్రం మారుతుందా లేదా? గుళ్ళో పంతులు నా పేరు ఎవరి గోత్రంతో చదువుతాడు?"

"అంకుల్‌కి గోత్రం ఎక్కడిదాంటీ?"

"కాశ్యపం చెప్పించాం. తెలియనివాళ్ళకి అదే చెబుతారు. నేను ఎస్పోజితో వారి కోడల్ని. పాస్‌పోర్టులో అదే ఉంది, జీపీ డాక్టరు దగ్గర అదే ఉంది."

"పాస్‌పోర్టు మారుతుంది. డీఎన్ఏ మారదు."

"మారుతుంది. చదివాను. ఒకళ్ళ మూలుగ ఇంకొకళ్ళ ఎముకలోకి ఎక్కిస్తే రక్తం మారిపోద్దంట."

"మీకు అంకుల్ మూలుగ ఎక్కించారా?"

"ఎక్కించలేదు. పెళ్ళైనప్పటినుంచీ ఒక్క కంచంలో తిన్నాం."

"ఒక్క కంచంలో తింటే ఎంగిలి కలుస్తుందాంటీ. అంతకంటే ఏమీ కలవదు."

"నువ్వు పెళ్ళి చేసుకో, అప్పుడు చెబుదువు ఏం కలుస్తుందో."

"టాపిక్ మార్చకండి. ఈ రిపోర్టు మీది. పైన అంకుల్ పేరు, లోపల మీరు. ఇంకో కిట్ తెప్పిద్దాం. ఉమ్మక్కర్లేదు, బుగ్గ లోపల పుల్లతో రుద్దే రకం ఉంది."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఆరు వారాలో ఎనిమిదో."

"డాక్టరు నాతో ఏం చెప్పాడో తెలుసా నీకు?"

"బుధవారం చెప్పారు మీరు."

"మరి వారాలంటావేంటి."

"సారీ."

"ఏం పాపం చేశానో. ఆయన ఒకే ఒక్కటి అడిగాడు నన్ను. బంగారం అడిగాడా, పిల్లలు లేరని ఒక్క మాట అన్నాడా. ఆ ఒక్కటీ నా చేతుల్తో పాడుచేశాను."

"ఏదో ఒకటి చెప్పండి. నేపుల్స్‌లో ఎవరో చుట్టాలు దొరికారని చెప్పండి. ఆయన వెళ్ళి చూస్తారా?"

"పోయేవాడికి అబద్ధం చెప్పమంటావా."

"ఊరట కోసం."

"ఆయనకి చుట్టాలు అక్కర్లేదే పిల్లా. ఆయన అడిగేది అది కాదు. మా వాళ్ళు ఆ బిడ్డని వదిలేశారా, పోగొట్టుకున్నారా అని అడుగుతాడు. ఎన్ని తరాల కిందటి సంగతో. నిన్న జరిగినట్టు అడుగుతాడు."

"అది ఏ పరీక్షా చెప్పదాంటీ."

"తెలుసు. మూసెయ్యి ఆ డబ్బా. మూసేసి పైకి పో, పొయ్యి మీది అట్టు తినేసి నేను తల దువ్వుకోవాలి. బస్సు ఒంటిగంటకి."

"ఒక్క నిమిషం. ఇక్కడ బంధువులు అని ఇంకోటి ఉంది. నొక్కలేదు మనం."

"ఎవరి బంధువులు?"

"మీ ఉమ్మి కాబట్టి మీ బంధువులే. ఇదే పరీక్ష చేయించుకున్నవాళ్ళలో ఎవరితో మీ రక్తం కలిసిందో చూపిస్తారు."

"నాకెవరున్నారు. అవనిగడ్డలో మా అన్న. వాడు టీవీ రిమోటే సరిగా పట్టుకోలేడు."

"అన్న ఒక్కరేనా? చెల్లెళ్ళు లేరా?"

"అన్న ఒక్కడే. ఏం?"

"లేదు, ఇక్కడ... ఆంటీ, నిజంగా ఒక్కరేనా?"

"ఒక్కడే అని చెప్పాను కదా. ఎన్నిసార్లు అడుగుతావు?"

"ఇందులో తోబుట్టువు అని చూపిస్తోంది. ఆడమనిషి."

"తప్పు. ఇటలీ సున్నా అన్న కంపెనీ కదా, అదేం చెబుతుంది."

"కంపెనీ తప్పు చెప్పలేదు. తప్పు మనం చేశాం. ఇటలీ సున్నా అన్నది నిజమే అయ్యింది కదా. ఈమె పేరు కారిన్. ఊరు డెన్మార్క్‌లో ఏదో ఉంది, నాకు పలకడం రావట్లేదు. మనకి మెసేజ్ కూడా పెట్టింది, గురువారం."

"డెన్మార్కులో నాకెవరే? తెల్లమనిషి అయ్యుంటుంది."

"ఫొటో ఉంది. తెల్లమనిషి కాదు. చూస్తారా?"

"కళ్ళజోడు పైన ఉంది."

"మీ నెత్తి మీద ఉందాంటీ."

"చూడను. చదువు. ఆగు. వద్దు... సరే, చదువు."

"ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెబుతాను. అయ్యా ఎస్పోజితో గారూ అని మొదలుపెట్టింది. మగవాళ్ళనుకుంది, పేరు అంకుల్‌ది కదా. మీ పేరు చూస్తే ఇటలీవాళ్ళలా ఉన్నారు, నా పుట్టుకేమో ఇండియా, ఇదెలా కలిసిందో నాకు అర్థం కావట్లేదు, విసిగిస్తే క్షమించండి అంటోంది."

"ఊఁ."

"నా వయసు నాకే సరిగ్గా తెలియదు, యాభై ఒకటో రెండో. డెబ్భై ఏడులో కృష్ణా జిల్లాలో వచ్చిన ఉప్పెన తర్వాత... ఆంటీ?"

"చదువు."

"ఉప్పెన తర్వాత తాటితోపులో దొరికానని అనాథాశ్రమంవాళ్ళు మా పెంపుడు అమ్మకి చెప్పారు. పేరడిగితే బుజ్జి అన్నానంట. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా పిల్లల్ని బుజ్జి అనే పిలుస్తారంట కదా, అందుకని ఎవరి పిల్లనో తేల్చలేకపోయారంట. ఏడాది తర్వాత ఇక్కడికి తెచ్చుకున్నారు. ఆంటీ, అట్టు మాడిపోతోంది."

"మాడనీ."

"కూర్చోండి. ఇలా కూర్చోండి. మంచినీళ్ళు ఇవ్వనా?"

"మూడేళ్ళది. మా అమ్మ దాన్ని చంకనేసుకుని చెట్టు పట్టుకుంది. అలొచ్చింది. చెట్టుంది, అమ్మ ఉంది, చంకలో పిల్ల లేదు. బుజ్జీ బుజ్జీ అని అరుస్తూ తిరిగాం నేనూ అన్నయ్యా. ఎక్కడ అరిచినా ఎవరో ఒక పిల్ల పలికేది. ఏ పిల్లా మాది కాదు."

"మరి అన్న ఒక్కడే అన్నారు."

"ఏమని చెప్పను? ఉంది అంటే ఎక్కడుందంటారు. పోయింది అంటే అమ్మ ఊరుకునేది కాదు."

"ఇంకొక్క ముక్క ఉంది. చదవనా?"

"చదువు."

"నాకు మీ దగ్గర్నుంచి ఏమీ అక్కర్లేదు, నా సంసారం నాకుంది. మా వాళ్ళని మీరెరిగి ఉంటే ఒక్క మాట చెప్పండి చాలు. వాళ్ళు నన్ను వదిలేశారా, పోగొట్టుకున్నారా. అంతే, కింద పేరు పెట్టింది."

"అదే మాట అడిగిందా?"

"అదే మాటాంటీ. అంకుల్ అడిగినట్టే. ఏం రాయమంటారు? వదిలెయ్యలేదు అని రాయనా?"

"ఊరికే అట్లా రాస్తే ఎవరు నమ్ముతారు. ఎవరైనా అంటారు ఆ మాట. ముందు ఆ కంచం ఇటు తే. అదే, నిన్ను ముట్టుకోవద్దన్నది. ఫొటో తీసి పెట్టు."

"పెట్టాను. ఇప్పుడు చెప్పండి."

"రాయి. ఉప్పెన పోయాక సాయానికొచ్చినవాళ్ళు మనిషికో కంచం పంచారని రాయి. ఇంట్లో మిగిలింది నాయనమ్మతో కలిపి ఐదుగురం. అమ్మ వాళ్ళతో పోట్లాడి ఆరు తెచ్చిందని రాయి. ఆరోది నా దగ్గరే ఉంది, అందులో ఇంతవరకూ ఎవరికీ అన్నం పెట్టలేదని రాయి."